రేవులో పుట్టి, వీధిలో గిర్ని

మన వాడపల్లిలో పాత వడ్ల గిర్ని రేకులు విప్పుతున్నారని తెలిసి పొద్దున్నే పోయాను. అప్పటికే కప్పు సగం పోయింది. హల్లర్ ఇనుము ఏనాడో తూకానికి పోయింది. ఇంజను కూర్చున్న సిమెంటు దిమ్మె, అందులో తుప్పు పట్టిన నాలుగు బోల్టులు, గోడకు నడుమెత్తున ఒక నూనె మరక మిగిలాయి. బెల్టు తిరిగినప్పుడు చిమ్మిన నూనె అది. చిన్నప్పుడు అమ్మ వెంట వడ్ల మూట మోసుకొచ్చి ఆ గోడకే ఆనుకుని నిలబడేవాణ్ణి. ఇంటికి వెళ్లేసరికి జుట్టంతా తవుడు.

ఆ జాగాలో రైతులమే వాటాలు వేసుకుని కొత్త మిల్లు పెట్టుకోవాలని ఏడాదిగా మాట నడుస్తోంది. వద్దనేవాళ్లు చరిత్ర చెబుతున్నారు. మిల్లులు మిర్యాలగూడ సొత్తట, అవీ నాగార్జున సాగర్ నీళ్లతో, గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లతో మొదలయ్యాయట. వాడపల్లికి తీర్థం, సిమెంటు తప్ప ఇంకేం లేదట. ఈ మాట అచ్చులో కూడా చూశాను. ఒప్పుకోను.

సాగర్ సంగతి కాదనను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ రాకపోతే ఈ తాలూకాలో ఇంత వరి లేదు, మిర్యాలగూడ రోడ్డున ఇన్ని బాయిలర్ గొట్టాలూ లేవు. కానీ వడ్లు ఆడించడం అప్పుడే నేర్చుకున్నామంటే మన నోట్లో ఉన్న మాటే ఎదురు చెబుతుంది. కృష్ణ దాటి పొందుగల వెళ్తే వడ్లు ‘మర’కో, ‘మిల్లు’కో పోతాయి. ఇటు ఒడ్డున మాత్రం ‘గిర్ని’కే పోతాయి. గిర్ని మరాఠీ మాట, నిజాం రాజ్యం మీదుగా వచ్చింది. యంత్రం అవతలి ఒడ్డు నుంచి కొత్తగా దిగుమతై ఉంటే పేరు కూడా వెంట వచ్చేది కదా? మన అమ్మమ్మలకు గిర్ని తెలుసు. అంతకుముందు రోలు, రోకలి, దంపుడు పాట ఉండనే ఉన్నాయి.

ఇక రెండో తగాదా ఊరి పేరు మీద. వాడపల్లి అసలు ఓడపల్లి అని, రెడ్డిరాజుల నాడు సముద్రపు ఓడలు సరుకుతో నేరుగా ఇక్కడికే వచ్చేవని రాసినవారున్నారు. అనవేమారెడ్డి పేరు, నరసింహస్వామి గుడి, కోట ఆనవాళ్లు చూపిస్తారు. రెడ్డిరాజులకు ఓడ వ్యాపారం మీద మక్కువ ఉన్నమాట నిజం. వాళ్లకు ముందు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వర్తకులకు అభయమిచ్చాడు. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో మళ్లీ శాసనం వేయించాడు. అయితే మోటుపల్లి సముద్రం ఒడ్డున ఉంది. మనది మూసీ వచ్చి కృష్ణలో కలిసే రాళ్ల సంగమం. పెద్ద ఓడ ఇక్కడిదాకా ఎక్కి వచ్చిందని నేను నమ్మను. నా ఊరే అయినా లేని గొప్ప దానికి అంటగట్టను.

నేను నమ్మేది పుట్టిని. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ పుట్టి. ఇరవై తూముల గింజ కూడా పుట్టే. తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. ఏటిని దాటించే దానికీ కల్లంలో కొలిచే దానికీ ఒకే పేరున్న రేవు మనది. రెండు మాటలకూ మూలం ఒకటో కాదో పండితులు తేల్చాలి. ఈ ఒడ్డున గింజ కొలిచి, అదే ఒడ్డున ఏరు దాటించారన్నది మాత్రం నాకు గుడి గోపురమంత స్పష్టం. ఓడపల్లి వాదన చేసేవాళ్లు తెరచాపల కోసం వెతికి పుట్టిని చూడకుండా పోయారు.

ఏరు నిజాం కాలంలోనూ సరిహద్దే. అటు మద్రాసు ప్రెసిడెన్సీ, ఇటు నిజాం రాజ్యం. 2014 జూన్ 2 తర్వాత మళ్లీ సరిహద్దయింది. కోతల కాలంలో మన చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రా వడ్ల లారీలు వరస కడతాయి. తెలంగాణ సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చాక తనిఖీ ఇంకా గట్టిపడింది. లారీలన్నీ మన వాకిట్లోనే ఆగుతాయి, లోపలికి వదిలితే అన్నీ మిర్యాలగూడకే పోతాయి.

మన వడ్లదీ అదే దారి. హార్వెస్టర్ కోసిన పచ్చివడ్లు ట్రాక్టర్‌లో పోసుకుని సుమారు పాతిక కిలోమీటర్లు పోవాలి. 2020 వానాకాలంలో సన్నాలు వేయమన్నారు, వేశాం. కోతలకు టోకెన్లు పెట్టారు. ఒక మిల్లు ముందు రెండు రాత్రులు నా ట్రాలీ మీదే పడుకున్నాను. మంచుకు పైపొర తడిసింది. మూడో నాడు గుమస్తా పిడికెడు గింజలు నలిపి చూసి తేమ ఎక్కువన్నాడు, తరుగు రాశాడు. ఇంకో రాత్రి ఆగే ఓపిక లేక ఇచ్చేసి వచ్చాను.

క్వింటాలు వడ్లు సర్కారు తరఫున మర ఆడిస్తే మిల్లు తిరిగి ఇవ్వాల్సింది 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68. మిగిలిన దాంట్లో 20 కిలోల దాకా ఊక, దాంతోనే బాయిలర్ మండుతుంది. తవుడు నూనె మిల్లుకు పోతుంది, నూకలకు వేరే బేరం. పాత హల్లర్ ఊకా తవుడూ కలగలిపి పడేసేది, గింజా విరిచేది. రబ్బరు రోళ్ల షెల్లర్ ఉన్న మిల్లు దేనికది విడదీస్తుంది. ఆ విడదీసిన ప్రతిదానికీ ధర ఉంది, అందులో రైతుకు పైసా రాదు.

సున్నపురాయి ఉందని పక్కనున్న విష్ణుపురానికి రాశి సిమెంట్ వచ్చింది. వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం లేచింది. రాయికి ఫ్యాక్టరీ వచ్చింది, కరెంటుకు వచ్చింది, పంటకు మాత్రం ఎందుకు వద్దంటున్నారో నాకు అర్థం కాదు.

ముందు డ్రయ్యర్ పెట్టుకుందామని మొన్న అరుగు మీద చెప్పాను. వడ్లు ఆరితే తరుగు రాసేవాడి ముందు చేతులు కట్టుకోనక్కర్లేదు. షెల్లర్ ఆ తర్వాత. రేకులు విప్పే కుర్రాళ్లు దిమ్మె కూడా పగలగొట్టాలా అని అడిగారు. వద్దన్నాను. బోల్టులకు నూనె రాసి, గోనెపట్టా కప్పి వచ్చాను.