హిమమానవుని మహిమలు

హిమాలయములలో మంచుమనిషి యొకడు సంచరించుచున్నాడను వదంతి నూరేండ్లకు పైగా లోకమున వ్యాపించియున్నది. షెర్పాలు దానిని 'యెతీ' యందురు. ఇది సన్న్యాసిని దెలుపు మన 'యతి' శబ్దము కాదు. ఆ కొండజాతుల భాషలోని మాట. ఈ జీవికి ఆపాదింపబడిన శక్తులు అనేకములు. అది మనుష్యునివలె నిలువుగా నడచునట, ఒక్క పెట్టున జడలబఱ్ఱెను చంపునట, ఈలవేసినట్లు కూయునట, దాని పాదములు వెనుకకు తిరిగియుండునట, గడ్డిపరక మొలవని మంచుబయళ్లలో నివసించునట. ఈ మాటలలో ఏది యెంతవఱకు నిలుచునో, చరిత్రలో మిగిలియున్న సాక్ష్యములను బట్టి విచారింతము.

పాశ్చాత్యులు ఈ వదంతిని మొదట కాగితముపై నుంచినది 1832లో. నేపాళములో నుండిన హాడ్జ్‌సన్ అను ఆంగ్లోద్యోగి, తన వేటగాండ్రు అడవిలో ఒక రోమశమైన జీవిని జూచి భయపడి పరుగెత్తిరని బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసెను. అది నిలువుగా నడచెననియు, దానికి తోక లేదనియు వారు చెప్పిరి. హాడ్జ్‌సన్ మాత్రము అది వానరజాతికి చెందినదై యుండునని తలచెను. తరువాత 1889లో వాడెల్ అను వైద్యాధికారి ఈశాన్య సిక్కిములో మంచుపై పెద్ద అడుగుజాడలను గనెను. అవి రోమశులగు వనచరుల జాడలని వెంటనున్నవారు చెప్పిరి. వాడెల్ అంతటితో విడువక, ఆ జీవిని స్వయముగా జూచినవారెవరని పలువురు టిబెట్టువారిని అడిగెను. ప్రతివాడును వేఱొకనివలన విన్నట్టు చెప్పినవాడే గాని, చూచినవా డొక్కడును దొరకలేదు. ఆ జాడలు ఎలుగుబంటివని అతడు నిర్ణయించి, 1899లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. విన్నమాటకును కన్నమాటకును గల అంతరమును అతడు నాడే గుర్తించెను. కాని అతని మాట కంటె వదంతియే ఎక్కువదూరము ప్రయాణించినది.

ఆ ప్రయాణమునకు తోడ్పడినది ఒక అనువాదదోషము. 1921లో హోవర్డ్-బరీ నాయకత్వమున ఎవరెస్టు మార్గమును పరిశీలించుటకు వెళ్లిన బృందము, లక్పా లా కనుమ వద్ద ఇరువదివేల అడుగులకు పైనున్న మంచులో కొన్ని జాడలను గనెను. అవి తోడేలు అడుగులై, మెత్తని మంచులో విస్తరించి మనుష్యపాదములవలె దోచియుండునని హోవర్డ్-బరీ అభిప్రాయపడెను. కూలీలు మాత్రము 'మెతో కాంగ్మీ' యనిరి. 'కాంగ్మీ' యనగా మంచుమనిషి. మొదటి మాటకు మనుష్యభల్లూకము అను అర్థమును పలువురు చెప్పుదురు. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు వ్రాయుచుండిన న్యూమన్ దానిని అసహ్యకరమైనదను అర్థమున గ్రహించి, 'జుగుప్సాకరుడగు హిమమానవుడు' అను ఆంగ్లనామమును సృష్టించెను. ఎలుగును దెలుపు మాటయే పేరులో నుండగా, ఆ మాట అనువాదమున మాయమై, రాక్షసుడొకడు మిగిలెను. అమెరికా పశ్చిమారణ్యములలోని 'బిగ్‌ఫుట్' పేరును ఇట్లే 1958లో కాలిఫోర్నియాలోని ఒక పత్రిక వలన ప్రసిద్ధికెక్కినది. అక్కడి జాడలను కొయ్యపాదములతో తమ తండ్రియే వేసెనని, 2002లో ఒక గుత్తేదారు మరణానంతరము అతని కుటుంబమువారు వెల్లడించిరి.

ఇక శక్తులను ఒక్కొక్కటిగా పరీక్షింతము. మొదటిది నిలువునడక. దీనికి ఆధారము జాడలే. ఎలుగుబంటి నడచునపుడు వెనుకపాదమును తఱచుగా ముందుపాదపు జాడపైననే మోపును. రెండు జాడలు కలసి ఒక పొడుగైన జాడ యగును. నాలుగుకాళ్ల జంతువు రెండుకాళ్లతో నడచినట్లు దోచును. పైగా ఎండ తగిలిన మంచు అంచులవెంట కరగి, జాడ నానాటికి పెద్దదగును. 1937లో గఢ్వాలు పర్వతములలో ఫ్రాంక్ స్మైత్ ఇట్టి జాడలను ఫొటో తీసెను. వెంటనున్న షెర్పాలు అవి హిమమానవునివే యనిరి. లండనులోని జంతుశాస్త్రజ్ఞులు పరీక్షించి ఎలుగుబంటివని తేల్చిరి. 1951లో ఎరిక్ షిప్టన్ మెన్‌లుంగ్ హిమానీనదముపై, మంచుగొడ్డలి ప్రక్కనుంచి తీసిన ఫొటో మాత్రము అన్నిటికంటె ప్రసిద్ధము. దానిని గూర్చి నేటికిని ఏకాభిప్రాయము లేదు. అయినను ఒక జాడ ఎంత స్పష్టముగా నున్నను, అది జంతువునకు నీడ వంటిదే గాని జంతువు గాదు.

రెండవది వెనుకకు తిరిగిన పాదములు. మన పల్లెలలోను దయ్యముల పాదములు వెనుకకు తిరిగియుండునని చెప్పుకొందురు గదా! వెంబడించువానిని తప్పుదారి పట్టించు జీవిని ఊహింపగోరిన మనుష్యుని మనసు హిమాలయములలోను గోదావరితీరమునను ఒకే త్రోవ త్రొక్కినది. జంతుశాస్త్రమున మాత్రము అట్టి పాదములతో నిలువుగా నడచు క్షీరదము లేదు. అయినను ఎలుగుపాదమున ఒక చిత్రము గలదు: మనకు బొటనవ్రేలు లోపలివైపున నుండగా, ఎలుగునకు పెద్దవ్రేలు వెలుపలివైపున నుండును. కాబట్టి దాని జాడ మనుష్యపాదమును పోలియు, కుడియెడమలు తాఱుమాఱైనట్లు కనబడును. చూచినవాడు కలతపడుటలో ఆశ్చర్యమేమున్నది?

మూడవది బలము. జడలబఱ్ఱెలు చంపబడుట కట్టుకథ కాదు. 1974లో నేపాళములోని మాచెర్మో వద్ద అట్టి సంఘటనను గూర్చి ఫిర్యాదు వచ్చినది. కాని పశువులను చంపగల జంతువులు ఆ పర్వతములలో ఉండనే యున్నవి. షెర్పాలే యెతీలలో భేదములు చెప్పి, పశువులను చంపుదానిని 'జూ-తే' యందురు; అది చాలవఱకు నాలుగుకాళ్లపై నడచునని కూడ వారే చెప్పుదురు. ఆ వర్ణనము టిబెట్టు ఎలుగునకు సరిపోవును. ఈలవంటి కూతకు సైతము హేతువు వెదకవచ్చును. అక్కడి మంచుకోళ్లును, మార్మోటు అను ఉడుతజాతి జంతువులును ఈలవేసినట్లు కూయును; నిర్జనమైన లోయలో ఆ ధ్వని ఎవనినైనను ఉలికిపఱచును.

ఇంకొక నమ్మకము ప్రమాదకరమైనది. యెతీ తరిమినచో పల్లమునకు పరుగెత్తవలెననియు, దాని నెత్తిపై వెండ్రుకలు కన్నులపై బడుటచే అది మనలను గానజాలదనియు పర్వతవాసులు చెప్పుదురు. తరుముచున్నది ఎలుగుబంటి యైనచో ఈ ఉపాయము ప్రాణాపాయకరము. ఎలుగు ఎత్తునకెంత సులభముగా పోగలదో పల్లమునకును అంత వేగముగా పరుగిడగలదు.

నాలుగవది శాశ్వతహిమమున నివాసము. బలిష్ఠమైన దేహమునకు ఆహారము వలయును. మంచుబయళ్లలో అది లేదు. అందుచే యెతీని నమ్మువారే అది క్రిందియడవులలో నివసించి, మంచుకనుమలను దాటి పోవుచుండునని సవరించిరి. అయినను ఒక జాతి నిలువవలెనన్న ఒక్క జంతువు చాలదు; తల్లులును పిల్లలును ఉండవలెను; చచ్చినవాటి యెముకలు ఎక్కడనో దొరకవలెను. అట్టి కళేబరము నేటివఱకు ఒక్కటియు దొరకలేదు.

దొరకినవి విహారములలోని అవశేషములు. 1954లో లండనులోని డెయిలీ మెయిల్ పత్రిక పంపిన బృందమున మన దేశపు జంతుశాస్త్రజ్ఞుడు విశ్వమయ్ విశ్వాస్ ఉండెను. ఆ బృందము పాంగ్‌బోచే విహారమున యెతీది యని చెప్పబడిన నెత్తిచర్మమును చూచెను. దాని రోమములను పరీక్షించిన శరీరశాస్త్రజ్ఞుడు వుడ్ జోన్స్, అవి నెత్తివి కావనియు, గిట్టలుగల జంతువు భుజమునకు చెందియుండుననియు చెప్పెను. 1960లో ఎడ్మండ్ హిల్లరీ ఖుంజుంగు గ్రామపు నెత్తిచర్మమును, గ్రామపెద్ద ఖుంజో చుంబీ వెంటరాగా, షికాగో, పారిసు, లండను నగరములకు కొనిపోయెను. అది సెరో అను కొండమేకజాతి జంతువు తోలును అచ్చుపై సాగదీసి చేసినదని తేలినది. 2011లో ఎడిన్‌బరోలోని శాస్త్రజ్ఞులు పాంగ్‌బోచే హస్తములోని వ్రేలిని డి.ఎన్.ఎ. పరీక్ష చేయగా అది మనుష్యునిదే యైనది. 2017లో షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందము యెతీవని చెప్పబడిన తొమ్మిది అవశేషములను పరీక్షించెను: ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది.

ఇందువలన షెర్పాలు అసత్యవాదులని తలచుట న్యాయము కాదు. ఆ నెత్తిచర్మములు వారి యుత్సవములలో ఉపయోగించు పవిత్రవస్తువులు. వానిని సాక్ష్యముగా మార్చి తూచగోరినవారు బయటివారే. నేపాళ ప్రభుత్వము సైతము ఈ వేటగాండ్ర రాకను గమనించి యెతీయాత్రకు ఐదువేల రూపాయల రుసుము విధించినది. ఆత్మరక్షణమునకు తప్ప ఆ జీవిని చంపరాదనియు నియమించినది. ఆ నియమములను అమెరికా రాయబార కార్యాలయము 1959లో తన ప్రభుత్వమునకు తెలిపెను. హిల్లరీ యాత్ర వలన యెతీ దొరకకపోయినను, 1961లో ఖుంజుంగులో ఒక పాఠశాల వెలసినది. ఆ గ్రామమునకు నిలిచిన లాభము అదియే.

2019 ఏప్రిలులో భారతసైన్యము మకాలు శిబిరము సమీపమున 32 అంగుళముల పొడవు, 15 అంగుళముల వెడల్పుగల జాడలు కనబడెనని ఫొటోలతో ప్రకటించినపుడు, వదంతి మఱల మేల్కొనెను. అచ్చట ఎలుగుజాడలు సామాన్యమని స్థానికులు చెప్పిరి. నూటముప్పది యేండ్ల క్రిందట వాడెల్ చెప్పిన మాటయు అదియే.

వీని నన్నిటిని కలిపి చూచినచో మా అభిప్రాయమిది. యెతీ మహిమలలో నిలిచినవన్నియు ఎలుగునకు చెందినవి. తక్కినవి మనుష్యుని భయమునకును ఊహకును చెందినవి. కథను కథగా గౌరవింపవచ్చును. దానివలన నష్టము లేదు. నష్టము వేఱొక చోట నున్నది. హిమాలయపు గోధుమవన్నె ఎలుగు నేడు అంతరించిపోవు స్థితికి చేరువైనది, మందలను కాచుకొను కాపరులకును దానికిని వైరము పెరుగుచున్నది, నివాసభూమి తఱుగుచున్నది. లేని జీవిని వెదకుటకు లోకము వెచ్చించిన ఉత్సాహములో కొంతయైనను ఉన్న జీవిని కాపాడుటకు వెచ్చించినచో, మంచుపై ఆ పెద్దజాడలు మన మనుమల కాలమునను కనబడును. వెచ్చింపనిచో, జాడలను వేసిన జంతువు పోయి, కథ మాత్రమే మిగులును.