మిగ్ వీడ్కోలు: లెక్కకు రాని మనుషులు

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధవిమానాలకు వీడ్కోలు జరిగింది. 1963లో భారత వాయుసేనలో చేరిన విమానం 62 ఏళ్ల తర్వాత సెలవు తీసుకుంది. నీళ్లు చిమ్మి గౌరవవందనం చేశారు. దానికి ముందు రోజే 97 తేజస్ విమానాల కోసం 62,370 కోట్ల రూపాయల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ రోజుల్లో పత్రికలన్నీ ఒకే చర్చ నడిపాయి. పాతవాటిని ఎప్పుడో తీసెయ్యవలసిందని కొందరు, కొత్తవి రాకుండా పాతవి తీస్తే 42 స్క్వాడ్రన్లు వుండవలసిన చోట 29 మిగిలాయని మరికొందరు. కొత్తవి స్వదేశంలో చెయ్యాలా, విదేశాల్లో కొనాలా అన్నది మూడో వాదన.

సాహిత్య పత్రికలో విమానాల గొడవ ఎందుకని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. చర్చ నడిచేది మాటలతో. ఆ మాటలు ఎవరిని చూపిస్తాయో, ఎవరిని దాస్తాయో పట్టుకోవడం మన పని. పైగా నేనీ వ్యాసం రాస్తున్నది చింతూరు నుంచి. మా వూరి శబరి నది కోరాపుట్ కొండల్లో కొలాబ్ అనే పేరుతో పుడుతుంది. మిగ్-21 ఇంజను కూడా ఆ కోరాపుట్ కొండల్లోనే తయారైంది. కాబట్టి ఇది ఢిల్లీ చర్చ మాత్రమే కాదు, మా నది ఎగువన జరిగిన చరిత్ర కూడా.

ఆ చరిత్ర మొదట చూద్దాం. 1962 ఆగస్టులో, అంటే చైనా యుద్ధానికి రెండు నెలల ముందు, భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో మిగ్ ఒప్పందానికి వచ్చింది. అప్పటికే అమెరికా పాకిస్తాన్‌కు ఎఫ్-104 విమానాలు ఇచ్చింది. దానికి దీటైన విమానం కావాలన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటుంది. సోవియట్ వాళ్లు విమానం అమ్మడంతో ఆగకుండా ఇక్కడే తయారు చేసుకోవడానికి లైసెన్సు ఇస్తామన్నారు. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ ఆ పనిని మూడు చోట్లకు పంచింది. విమాన దేహం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్‌లో, ఇంజను ఒరిస్సాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో. సోవియట్ స్నేహమంటే భిలాయి ఉక్కు, మిగ్ రెక్క అని మన అభ్యుదయ శిబిరం చెప్పుకున్న కాలమది. స్వావలంబన వైపు అది నిజమైన అడుగేనని నేనిప్పటికీ అంటాను. ఆ అడుగు ఎవరి నేల మీద పడిందన్న ప్రశ్న మాత్రం అప్పుడు పెద్దగా వినబడలేదు.

స్వదేశీ విమానం అసలు లేకపోలేదు. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగుళూరులో రూపకల్పన చేసిన మారుత్ 1961లోనే ఎగిరింది. దేహం బాగుంది, దానికి తగిన శక్తి వున్న ఇంజను దొరకలేదు. దాని జీవితమంతా ఆ లోటుతోనే గడిచింది. 1983లో తేలికపాటి యుద్ధవిమానం పథకానికి అనుమతి వచ్చింది. అదే తర్వాత తేజస్ అయింది. అది మొదటిసారి ఎగిరింది 2001 జనవరిలో, దానితో స్క్వాడ్రన్ ఏర్పడింది 2016లో. దానికోసం తలపెట్టిన కావేరి ఇంజను కుదరక అమెరికన్ ఇంజను పెట్టవలసి వచ్చింది. 2021లో దాదాపు 48 వేల కోట్లకు 83 తేజస్‌లకు ఒప్పందం చేసుకున్నారు. 2024 మార్చి నుంచి అందవలసిన ఆ విమానాలు ఆలస్యమయ్యాయి. అమెరికా నుంచి ఇంజన్లు సమయానికి రాకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. మారుత్ నుంచి తేజస్ దాకా అరవై ఏళ్లు గడిచినా ఆ ముడి విడలేదు. పరాధీనత ఎక్కడ దాక్కుంటుందో తెలుసుకోవాలంటే రెక్క మీద రాసిన పేరు చాలదు, ఇంజను మూత తీసి చూడాలి.

ఈ ఆలస్యానికి ధర ఎవరు చెల్లించారు? 2012 మేలో రక్షణమంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పిన జవాబు ప్రకారం వాయుసేన కొన్న 872 మిగ్ రకం విమానాల్లో సగానికి పైగా ప్రమాదాల్లో కూలిపోయాయి. ఆ ప్రమాదాల్లో 171 మంది పైలట్లు, ఇతర సర్వీసులకు చెందిన 8 మంది, 39 మంది మామూలు పౌరులు చనిపోయారు. యుద్ధంలో కాదు, శత్రువు చేతిలో కాదు.

ఈ చావుల గురించి మాట్లాడడానికి మన సమాజం రెండు మాటలు తయారు చేసుకుంది. ఒకటి ‘ఎగిరే శవపేటిక’, రెండోది ‘మానవ తప్పిదం’. పైకి ఇవి ఒకదాన్నొకటి కొట్టుకునే మాటలు. మొదటిది పత్రికలది, రెండోది విచారణ నివేదికలది. మొదటిది తప్పంతా యంత్రానిదంటుంది, రెండోది చనిపోయిన మనిషిదంటుంది. యంత్రం జవాబు చెప్పుకోలేదు, చనిపోయినవాడూ చెప్పుకోలేడు. జవాబు చెప్పవలసిన మూడో పక్షం ఈ రెండు మాటల మధ్య నుంచి చల్లగా జారిపోతుంది. మా మారేడుమిల్లి ఘాట్ రోడ్డు లాంటి చోట బస్సు లోయలో పడితే మర్నాడు పేపర్లో ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని వస్తుంది. ఆ బస్సు ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగింది, బ్రేకులు ఎప్పుడు చూశారు, ఆ డ్రైవరు ఎన్ని గంటలుగా నిద్రపోలేదు అన్నవి వార్తలో వుండవు. ఆకాశంలోనూ అదే వ్యాకరణం.

ఆ మూడో పక్షం ఏం చేసిందో ఒక్క ఉదాహరణ చాలు. 1982లో లా ఫాంటేన్ కమిటీ వాయుసేన శిక్షణను పరిశీలించి, కుర్ర పైలట్లకు ఆధునిక జెట్ శిక్షణ విమానం కావాలని సిఫార్సు చేసింది. ఎందుకంటే మన హైదరాబాద్ పక్కన హకీంపేటలో ఎగిరే కిరణ్ లాంటి నెమ్మది విమానం మీద నేర్చుకున్న కుర్రవాడు, ధ్వనిని మించిన వేగంతో పోయే మిగ్ మీదికి ఎక్కవలసి వచ్చేది. గంటకు మూడు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకే విమానమది. నడుమ ఒక మెట్టు లేదు. ఆ మెట్టు కోసం బ్రిటిష్ విమానమా, ఫ్రెంచ్ విమానమా, రష్యన్ విమానమా, ధర ఎంత అని బేరం సాగింది. చివరికి 66 హాక్ విమానాలకు ఒప్పందం జరిగింది 2004 మార్చిలో. అవి బీదర్‌లో వాయుసేనలో చేరింది 2008లో. సిఫార్సుకూ సంతకానికీ మధ్య 22 ఏళ్లు. సిఫార్సు చేసిన ఏడు పుట్టిన పిల్లలు పెరిగి, పైలట్లై, మెట్టు లేని ఆ మెట్లెక్కారు. ఆ 22 ఏళ్లలో ఒక్కొక్క ప్రమాదానికీ ఒక్కొక్క ‘మానవ తప్పిదం’ దొరికివుండవచ్చు. ఫైలు కదలకపోవడం కూడా మానవ తప్పిదమేనని రాసిన నివేదిక ఎక్కడుంది?

మాట్లాడినవాళ్లు లేకపోలేదు. 2001 సెప్టెంబర్ 17న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో రాత్రిపూట మిగ్-21 నడుపుతూ ఫ్లయిట్ లెఫ్టినెంట్ అభిజిత్ గాడ్గిల్ చనిపోయాడు. తప్పు పైలట్‌దేనన్న మాటను అతని తల్లి కవితా గాడ్గిల్ ఒప్పుకోలేదు. విమానాల స్థితి గురించి బహిరంగంగా అడిగింది, ఏళ్ల తరబడి అడిగింది. 2015లో పాత చీతా, చేతక్ హెలికాప్టర్లు మార్చమని కొందరు సైనిక పైలట్ల భార్యలు కలిసి రక్షణమంత్రిని కోరారు. నిపుణుల కమిటీలకు పట్టిన సత్యం ఇళ్లలోని ఆడవాళ్లకూ పట్టింది. ఆయుధాల చర్చలో తల్లికీ భార్యకూ ఇచ్చిన పాత్ర శవపేటిక పక్కన నిలబడడం. వాళ్లు ఆ పాత్ర వదిలి ప్రశ్న అడిగితే వ్యవస్థకు ఇబ్బంది.

ఈ విషయాన్ని కళ ఎలా పట్టుకుందన్నది మనకు ముఖ్యం. 2006లో వచ్చిన హిందీ సినిమా ‘రంగ్ దే బసంతి’లో మిగ్ ప్రమాదంలో పైలట్ చనిపోతాడు. ప్రభుత్వం అతన్నే తప్పుపడుతుంది. మిత్రులు మంత్రిని కాల్చి చంపుతారు. విడుదలకు ముందు రక్షణమంత్రి ప్రణబ్ ముఖర్జీ, త్రివిధ దళాల అధిపతులు ఆ సినిమా చూశారు. అంటే కళకు ఇంకా అంత బలముందన్నమాట. సినిమా ‘మానవ తప్పిదం’ అన్న మాటను ధైర్యంగా ఎదిరించింది, అందుకు మెచ్చుకోవాలి. కాని దాని స్థానంలో ఏం పెట్టింది? ఒక అవినీతి మంత్రిని. విలన్ చస్తే కథ తీరుతుంది, 22 ఏళ్ల ఫైలు మాత్రం తీరదు. ఆ 22 ఏళ్లలో ఎంతమంది ప్రధానులు, ఎన్ని పార్టీలు, ఎందరు రక్షణమంత్రులు మారారు! వ్యక్తి దుర్మార్గం కథకు సులువు. అందరూ మర్యాదస్తులే అయిన ఆఫీసులో ఆలస్యం ఎలా హత్య చేస్తుందో చెప్పడం కష్టం. ఆ కష్టమైన కథే వాస్తవికత అని నా అభిప్రాయం.

ఇంతవరకు పైలట్ల లెక్క. ఆలస్యంగానైనా, అరకొరగానైనా ఆ లెక్క పార్లమెంటుకు వచ్చింది. అసలు లెక్కకే రానివాళ్ల దగ్గరికి ఇప్పుడు వద్దాం.

2023 మే 8న రాజస్థాన్ హనుమాన్‌గఢ్ జిల్లాలో ఒక మిగ్-21 ఇంటి మీద కూలింది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. కింద ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు. విమానం పాతదా కొత్తదా అన్న చర్చలో వాళ్ల కంఠం ఎప్పుడూ లేదు. వాళ్లు కనీసం వార్తలోకి వచ్చారు. కోరాపుట్‌లో చికాపర్ అనే వూరుంది. గదబలు, పొరజలు, డోంబుల వూరు. గదబలూ పొర్జలూ మన అరకు లోయలోనూ వున్నవాళ్లే. 1968లో మిగ్ కర్మాగారం కోసం ఆ వూరిని లేపారు. వాళ్లు మరోచోట గుడిసెలు వేసుకుని, ప్రేమ చావక ఆ చోటికీ చికాపర్ అనే పేరు పెట్టుకున్నారు. 1987లో నౌకాదళ ఆయుధాగారం, ఎగువ కొలాబ్ ప్రాజెక్టుల పేరుతో మళ్లీ లేపారు. మళ్లీ వెళ్లారు, మళ్లీ అదే పేరు పెట్టుకున్నారు. అక్కడినుంచీ కదలవలసి వస్తుందని మూడోసారి కూడా చెప్పారు. పి. సాయినాథ్ 1996లో వెలువడిన తన పుస్తకం ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’లో దీన్ని నమోదు చెయ్యకపోతే మనదాకా వచ్చేదే కాదు.

ఈ రెండు చరిత్రల్ని పక్కపక్కన పెట్టి చూడండి. విమానాన్ని మార్చాలా వద్దా అని దేశం దశాబ్దాలు చర్చించింది. కమిటీలు వేసింది, పార్లమెంటులో ప్రశ్నలు వచ్చాయి, సినిమా వచ్చింది. వూరిని మార్చాలా వద్దా అన్న చర్చ దేశంలో ఎన్ని రోజులు సాగింది? పాతబడిన యంత్రానికి వీడ్కోలు సభ వుంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో 2017లో సేవ ముగించిన టీయూ-142 నౌకాదళ విమానం మ్యూజియంగా నిలబడివుంది, పిల్లలు టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి చూస్తారు. మంచిదే. మొదటి చికాపర్‌కు మ్యూజియం ఎక్కడ? యంత్రాలు మారుతున్నా కర్మాగారం ఖాళీగా లేదు. మిగ్-21 ఇంజను పోయాక అక్కడ సుఖోయ్-30 ఇంజన్లు తయారవుతున్నాయి. 2024 సెప్టెంబర్‌లో 240 ఇంజన్లకు 26 వేల కోట్లకు పైగా విలువైన ఒప్పందం కుదిరింది. కొత్త విమానం వచ్చినప్పుడల్లా పాత విమానం పోతుంది. పోయిన వూరు మాత్రం ఏ విమానంతోనూ తిరిగిరాదు.

చింతూరులో ఈ మాటలు రాస్తున్నప్పుడు ఇవి ఎగువ కొండల చరిత్రగా మాత్రమే నాకు కనిపించవు. 2014లో మా మండలాన్ని ఖమ్మం జిల్లా నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో వుంచింది పోలవరం ముంపు కోసమే. 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అనే రెండు అంకెలు ఇక్కడి కోయ ముసలమ్మకు కూడా నోటికి వచ్చు, ఏ అంకె దగ్గర నీళ్లు తన గడప తొక్కుతాయో తెలుసుకోవాలి గనుక. 2022 జూలైలో గోదావరి ఎగదన్నినప్పుడు శబరి వెనక్కి వచ్చి చింతూరును ముంచింది. ఎగువన కొలాబ్ పేరుతో చికాపర్‌ను కదిలించిన ఏరే దిగువన శబరి పేరుతో మా గడప దగ్గరికి వచ్చింది. నదిది తప్పని నేననను. అది కూడా ‘మానవ తప్పిదం’ లాంటి తప్పించుకునే మాటే అవుతుంది.

ఒక అభ్యంతరం వస్తుంది. దేశరక్షణ వద్దంటారా, పాత విమానాలనే వుంచమంటారా అని. ఆ ప్రశ్నకు దాటవేత పనికిరాదు. ఆయుధపోటీ ప్రజల అన్నం తింటుందన్న మాట మీద అభ్యుదయ రచయితలు నిలబడాలి. అదే సమయంలో, పోటీ వద్దంటూ పల్లెల నుంచీ చిన్న వుద్యోగుల ఇళ్ల నుంచీ వచ్చిన కుర్రాళ్లను తుప్పు యంత్రాల్లో ఎక్కించడాన్ని శాంతికాముకత అనలేం. పనికిరాని యంత్రం పోవలసిందే, మంచి శిక్షణా మంచి యంత్రమూ పైలట్ హక్కు. నేను అడిగేదల్లా ఖాతా పూర్తిగా రాయమని. కొత్త విమానం ధరలో కోట్లు రాసే కాలమ్ పక్కన, ఆలస్యానికి చనిపోయినవాళ్ల కాలమ్, దాని కర్మాగారానికి నేల ఇచ్చి పోయినవాళ్ల కాలమ్ కూడా వుండాలి.

ఆ రెండు కాలమ్‌లు రక్షణశాఖ రాయదు. వాటిని రాయవలసింది కథకులు, నవలాకారులు, చరిత్ర విద్యార్థులు. సునాబెడలో తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. ఆ కర్మాగారంలో ఇంజను బిగించిన తెలుగు కార్మికుడు, ఆ ఇంజను కోసం లేచిపోయిన గదబ రైతు ఒకే సంతలో వుప్పు కొనివుంటారు. వాళ్లిద్దరి మధ్య జరిగిన సంభాషణ ఏమిటి? ఒకడి జీతమూ మరొకడి నష్టమూ ఒకే గేటు దగ్గర ఎలా కలిశాయి? హైదరాబాద్, విశాఖ విశ్వవిద్యాలయాల్లో సాహిత్యం చదువుతున్న మిత్రులు ఒక్క ఎండాకాలం సెలవులు సునాబెడ సంతల్లో, చికాపర్ గుడిసెల ముందు గడిపితే దానికి జవాబు దొరుకుతుంది. మిగ్-21 నడిపినవాళ్లలో చాలామంది, దాని కోసం మొదటిసారి లేచిపోయినవాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలివాళ్లు. యంత్రం వీడ్కోలు అయిపోయింది. మనుషులు మాట్లాడగలిగే కాలం ఇంకా కొంచెం మిగిలివుంది.