గోడచాటు శ్రోతలు

ఈమధ్య మా గోదావరి జిల్లాల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళు దేవుడిగది ఏ మూలన ఉండాలో తేల్చుకోకముందే, హాల్లో స్పీకర్ల తీగలకి గోడలో గొట్టాలు ఎక్కడ వెయ్యాలో తేల్చుకుంటున్నారు. తప్పనడంలేదు. సున్నాలూ రంగులూ అయ్యాక గోడ చెక్కడంకంటె ముందే ఆలోచించుకోవడం మేలే కదా. కాని కొట్లో జరిగే బేరం వింటూంటే నాకొక సంగతి వింతగా తోస్తుంది. ఎన్ని వాట్లు, ఎన్ని స్పీకర్లు, ఏ కంపెనీ, అన్నీ అడుగుతారు. వినేవాళ్ళు ఎక్కడ కూచుంటారని మాత్రం అడగరు. వినేవాళ్ళంటే సోఫాలో కూచునేవాళ్ళేనని అమ్మేవాడికీ కొనేవాడికీ కూడా గట్టి నమ్మకం.

యంత్రంలోంచి వచ్చే పాట మన ఇళ్ళల్లో అడుగుపెట్టి నూరేళ్ళు దాటింది. ఆ నూరేళ్ళలోనూ వినేవాళ్ళలో సగంమంది తలుపుచాటునా, వంటింటి గుమ్మంలోనూ, పెరటి అరుగుమీదా ఉండి విన్నవాళ్ళే. వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. నాకు తెలిసినంతవరకు నేను రాస్తాను.

మొదట వచ్చింది గ్రామఫోను. 1902లో గ్రామఫోను కంపెనీవారి మనిషి గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ పాట రికార్డు చేసుకున్నాడు. 1908లో కలకత్తాలోనే ప్లేట్లు అచ్చువేసే కర్మాగారం పెట్టారు. ఆ ప్లేట్లకి ముడిసరుకు ఏమిటనుకున్నారు? లక్క! భారతంలో పాండవుల్ని కాల్చడానికి ఇల్లు కట్టించిన లక్కే. మన అడవుల్లో చెట్లమీద పురుగులు పెట్టే ఆ లక్క ఓడలెక్కి సీమకి పోయి పాటయి తిరిగి వచ్చేది. ప్లేటు ఒకవైపు మహా అయితే మూడు మూడున్నర నిమిషాలు పాడుతుంది. నాటకం స్టేజీమీద ఒక్క పద్యానికి పావుగంట రాగం తీసి, వన్స్‌మోర్‌లు కొట్టించుకునే మన నటులు ఆ మూడు నిమిషాల్లో పద్యాన్ని ముగించవలసి వచ్చింది. పాటకి పొదుపు నేర్పింది యంత్రమే.

కాకినాడలో ఉండి ‘చింతామణి’ రాసిన కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకానికి మగవాళ్ళు బళ్ళు కట్టించుకుని వెళ్ళేవారట. కుటుంబ స్త్రీలు వెళ్ళడానికి వీల్లేదు. కథ వేశ్యది కదా మరి! అయితే మాత్రమేం, నాటకప్పద్యాల ప్లేట్లు ఇంటికి వచ్చేవి. కపిలవాయి రామనాథశాస్త్రిగారి గొంతు సావిట్లోంచి వినిపిస్తూంటే, వంటింటి తలుపు ఓరగా తీసి పెట్టుకుని విన్నామని మా అమ్మమ్మ చెప్పేది. "నాటకం చూళ్ళేదమ్మా, పద్యాలు మాత్రం నోటికొచ్చు" అనేది. ఆ పెట్టెకి గొంతు తగ్గించే మరలేదు. కీ ఇస్తే ఒకటే స్థాయిలో పాడుతుంది. మామగారు పడుకున్నారనుకోండి, గొట్టంలో ఓ గుడ్డ కుక్కడమే ఉపాయం. సూది పాడయితే ప్లేటు పాడవుతుంది కనక దాన్ని తరచు మార్చాలి. ఆ సూదుల డబ్బా పిల్లలకి అందకుండా దాచే ఉద్యోగం మాత్రం ఆడవాళ్ళకే ఇచ్చారు.

మాట్లాడే సినిమా 1932లో ‘భక్తప్రహ్లాద’తో వచ్చింది. నాలుగేళ్ళు తిరక్కుండా, 1936లో, నిడమర్తి సూరయ్యగారు రాజమండ్రిలోనే దుర్గా సినీటోను స్టూడియో పెట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. ఆంధ్రదేశంలో అదే మొదటి స్టూడియో. అంటే శబ్దాన్ని పట్టి బంధించే విద్య మద్రాసు, బొంబాయి, కలకత్తాల సొత్తుగా ఉన్న రోజుల్లోనే గోదావరి ఒడ్డుకీ వచ్చిందన్నమాట. తర్వాత సినిమాలన్నీ మద్రాసుకే వెళ్ళిపోయాయనుకోండి. ఆ కథ వేరు.

అసలు కథ రేడియోది.

మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలయింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. అప్పటి రేడియో కొనడమంటే ఇప్పటి హోమ్ థియేటరు కొనడంకంటె తక్కువ తతంగమేమీ కాదు. కరెంటులేని ఊళ్ళో బ్యాటరీ కావాలి. ఇంటిపైన రెండు వెదుళ్ళు పాతి వాటిమధ్య ఏరియలు తీగ కట్టాలి. పెరట్లో తేమగా ఉన్నచోట ఎర్తు తీగ పాతాలి. లంకభూముల్లో తేమకేం కరువు, ఎక్కడ తవ్వినా నీళ్ళే! ఆపైన పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఆ లైసెన్సు బాధ 1980ల నడుమ గాని వదల్లేదు. ఇన్నీ చేసి సెట్టుని ఎక్కడ పెట్టేవారు? సావిట్లో, మగవాళ్ళ వాలుకుర్చీ పక్కన, పిల్లలకి అందనంత ఎత్తులో, గోడకి కొట్టిన బల్లమీద. దానిమీద లేసు గుడ్డ ఒకటి కప్పేవారు.

ఆ లేసు గుడ్డ దగ్గర కాస్త ఆగుతాను. నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లకం పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల చేతిమీదుగా వచ్చింది. వేలాదిమంది ఆడవాళ్ళు ఇంట్లోనే కూచుని సూదీదారంతో అల్లితే అది విదేశాలకి ఎగుమతి అయ్యేది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఇక్కడికి వచ్చి వాళ్ళతో మాట్లాడి 1982లో ఒక పుస్తకం వేసింది. రోజుకి ఎన్నో గంటలు అల్లుతున్నా వాళ్ళని పనిచేసేవాళ్ళుగా ఎవరూ లెక్కకట్టలేదని, ‘ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ళు’ అనుకున్నారని ఆవిడ చెప్పింది. నా ఉద్దేశంలో రేడియోకి అసలైన శ్రోతలు వాళ్ళు. చేతులూ కళ్ళూ పనిలో ఉండి చెవులొక్కటే ఖాళీగా ఉన్న మనిషికి రేడియోని మించిన తోడేముంది చెప్పండి? కాని సెట్టేమో సావిట్లో, వాళ్ళేమో వెనకవసారాలో.

ఆ గోడ దాటి వచ్చిన గొంతుల్లో మావాళ్ళవే ఎన్నో. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు, రాజోలు దగ్గర శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. తెల్లవారగట్ల భక్తిరంజని వస్తూంటే పాలు పొంగకుండా కాసుకుంటూ విన్నవాళ్ళకి వాళ్ళెవరో చెప్పనక్కర్లేదు. పశ్చిమగోదావరి కాకరపర్రులో పుట్టిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు ఉషశ్రీ అయి రామాయణ భారతాలు చెబుతూంటే ఆదివారం మధ్యాహ్నం భోజనాలు వెనకా ముందూ అయ్యేవి. మా వీధిలో ఒకావిడ విస్తళ్ళు తీస్తూ తీస్తూ ఎంగిలిచేత్తోనే గుమ్మంలో నిలబడిపోవడం నాకు బాగా గుర్తు. ఆయనది ధాటీ అయిన గొంతు. మూడిళ్ళ అవతలికి కూడా వినిపించేది.

1952లో కేంద్రమంత్రిగా వచ్చిన కేస్కర్‌గారికి సినిమాపాటలంటే గిట్టదు. ఆయన చలవవల్ల ఆకాశవాణిలో సినిమాపాట దాదాపు మాయమయింది. జనం ఊరుకుంటారా? ముల్లు సిలోనువైపు తిప్పారు. అక్కణ్ణించి తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురైగారి తియ్యని ఉచ్చారణ ఎంతమందికి అభిమానమో! 1957లో వివిధభారతి పెట్టి ఆకాశవాణివారు దారికి వచ్చారు.

ఇంత చరిత్రలోనూ పెద్ద విప్లవం ఏదని నన్నడిగితే ట్రాన్సిస్టరంటాను. 1947లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు కనిపెట్టిన గింజంత వస్తువు. దాని పుణ్యమా అని రేడియో బల్లమీంచి దిగి, ఏరియలూ ఎర్తూ వదిలేసి, 1960లు, 70లలో వంటింటి అలమారులోకి వచ్చింది. శబ్దం నాణ్యత చూస్తే పాత వాల్వు సెట్టుకి సాటిరాదు. డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంటుంది. అయినా ఎవరికి కావాలి నాణ్యత? మొదటిసారి ఆడది తన చేత్తో మీట తిప్పి తనకి కావలసింది పెట్టుకుంది.

ఆ తర్వాత టేపురికార్డరు. ఫిలిప్స్‌వారు 1963లో క్యాసెట్టు తెచ్చినా మా వైపు ఇంటింటికీ వచ్చింది 1980లలోనే. కోనసీమనుంచీ, నరసాపురంవైపునుంచీ ఎందరో ఆడవాళ్ళు కువైట్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్ళారు. రాయడం రానివాళ్ళు క్యాసెట్లో మాటలు నింపి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపించేవారు. పక్కింట్లో అలా ఒక తల్లి గొంతు వచ్చింది. పిల్లలు ముగ్గురూ టేపురికార్డరు చుట్టూ కూచుని, "అన్నం తిన్నావురా?" అని అది అడిగితే "తిన్నానమ్మా" అని జవాబు చెప్పేవారు. ఎన్ని లక్షలు పోసినా ఇంతకంటె స్పష్టంగా వినిపించే స్పీకరు నాకు తెలీదు.

సినిమాహాల్లో శబ్దం పెరిగిన సంగతి క్లుప్తంగా చెబుతాను. 1986లో కృష్ణగారి ‘సింహాసనం’ 70 ఎం.ఎం.లో, ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చింది. తెలుగులో అదే మొదలు. డాల్బీ డిజిటల్ 1992లో, తలపైనుంచి కూడా చప్పుడు కురిపించే అట్మాస్ 2012లో వచ్చాయి. హాల్లో వచ్చిందల్లా కొన్నేళ్ళకి ఇంటికి రావలసిందే. అలా వచ్చిందే హోమ్ థియేటరు. 5.1 అంటే అయిదు స్పీకర్లు, వాటితోపాటు దడదడలాడించే సబ్‌వూఫరు ఒకటి.

వీటన్నిటికీ గుండెకాయ రిసీవరు. పేరు పాతదే. రేడియోని అందుకునేది గనక రిసీవరన్నారు. ఇప్పటికీ చాలావాటిలో రేడియో ఉంటుంది. ఇక తీగలు. ఎరుపు తెలుపు పిన్నుల తీగ రెండు చెవుల పాట తెస్తుంది. సన్నని గాజుపోగులాంటి ఆప్టికల్ తీగ 1983లో తోషిబావారు తెచ్చినది. అది కుదించిన 5.1 దాకా మోస్తుంది, అంతకుమించి మొయ్యలేదు. 2002లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ. తీగ బొమ్మనీ శబ్దాన్నీ కలిపి తెస్తుంది. 2006లో బ్లూరే పళ్ళేలు వచ్చిన ఏడే ఆ తీగ, నష్టంలేకుండా కుదించిన అసలు శబ్దాన్ని ఉన్నదున్నట్టు రిసీవరుకి అందించేలా బాగుపడింది. టీవీనుంచి శబ్దం వెనక్కి రిసీవరుకి వచ్చే దారిని ఆర్క్ అంటారు. ఇది 2009 నాటిది. 2017లో వచ్చిన ఇ-ఆర్క్ అయితే ఆ దారిని వెడల్పు చేసింది. టీవీలో వచ్చే సినిమాలు చాలావరకు కుదించి పంపించేవే కనక వాటికి మామూలు ఆర్క్ చాలు. బ్లూరే వేసుకునే సరదా ఉంటే ఆ ప్లేయరుని నేరుగా రిసీవరుకే తగిలించండి. ఆప్టికల్ తీగ తగిలించి "అసలు శబ్దం ఇదేనండీ" అని నమ్మబలికిన కొట్టువాణ్ణి రాజమండ్రిలో చూశాను. పేరెందుకులెండి.

తీగ సంగతికంటె ముఖ్యమైనది మధ్య స్పీకరు. సినిమాలో మాటలు ముప్పాతికమువ్వీసం దాన్లోంచే వస్తాయి. అందరూ మోతకి ఆశపడి సబ్‌వూఫరు పెద్దది కొని, మధ్యదాన్ని టీవీ బల్ల అరలో లోపలికి తోసేస్తారు. దాంతో యుద్ధం వినిపిస్తుంది, ఎందుకు యుద్ధమో వినిపించదు. ఇంకో మాట. పాత మండువా లోగిళ్ళలో నట్టింట ఆకాశం, పైన పెంకులు. మోత ఎటో పోయేది. ఇప్పటి హాళ్ళకి నున్నటి టైల్సు, గాజు తలుపులు. మాట గోడకి తగిలి రెండోసారి వస్తుంది. పదివేలు పెట్టి పెద్ద స్పీకరు కొనేముందు ఒక మందపాటి తెరా, నేలమీదకో తివాచీ వేసి చూడండి. స్పీకరు తీగల్లో ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి పడాలి. ఒకవైపు తారుమారయితే పాట గొంతు నడుమ నిలవక చెదిరిపోతుంది. కాకినాడ, అంతర్వేదివైపు ఉప్పుగాలికి రాగితీగ చివర్లు పచ్చబడతాయి. ఏడాదికోసారి కొస కత్తిరించి మళ్ళీ బిగించుకోవాలి. రిసీవరు వెచ్చగా ఉంటుంది గనక బల్లులకి ఇష్టం. వాటికి నేను ఏ ఉపాయమూ చెప్పలేను.

మా ఇంట్లో కొన్నప్పుడు అమ్మ సంగతి వచ్చింది. ఆవిడకి కాస్త చెవుడు. వయసు డెబ్భైయెనిమిది. టీవీ ముందు కూచోదు. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, ఒక కన్ను పొయ్యిమీదా ఒక చెవి హాల్లోనూ ఉంచుతుంది. మావారు, "అమ్మమ్మగారు ఇలా సోఫాలోకి రావచ్చు కదా" అని పిల్లలచేత చెప్పించి చూశారు. ఆవిడ రాలేదు. డెబ్భై ఏళ్ళ అలవాటు. అప్పుడు నేను కొట్టువాణ్ణి అడిగిన ప్రశ్న ఒకటే: రెండో గదికి వేరే స్పీకరు తగిలించే వీలున్న రిసీవరు ఏది? దాన్ని ‘జోన్ టూ’ అంటారు. కొంచెం ఖరీదైనవాటిలో చాలావాటికి ఉంటుంది. వాడు ఆశ్చర్యంగా చూసి, "మేడమ్, దాన్ని ఎవరూ అడగరండీ" అన్నాడు.

అడిగేవాళ్ళకి ఒక జాగ్రత్త చెబుతాను. చవకరకం రిసీవర్లలో ఆ రెండో గదికి హెచ్.డి.ఎం.ఐ. మీద వచ్చిన శబ్దం వెళ్ళదు. పాత ఎరుపు తెలుపు పిన్నుల మీద వచ్చిందే వెళుతుంది. అందుకని కొనేముందు ఆ ఒక్క సంగతీ తేల్చుకోండి. వెళ్ళకపోతే సెట్‌టాప్ పెట్టెనుంచి ఎరుపు తెలుపు తీగ కూడా ఒకటి రిసీవరుకి తగిలించాలి. దాని ఖరీదు రెండువందలు. మా ఇంట్లో తగిలించాం. స్పీకరు వంటింట్లో ఉప్పుజాడీల పైన, ఆవిడ కుడిచెవివైపు ఉంది. గొంతు పెంచే మీట ఆవిడ దగ్గరే ఉంటుంది.