ఒంగోలు గిత్తకు, చిట్టెలుకకు ఒంటి వేడి దాదాపు ఒకటే.. మరి సైజుతో వచ్చే తేడా ఏంటి?

ఒంగోలు గిత్త బరువు 500 కేజీలు అనుకుందాం. మిర్చి చేను గట్టున బొరియలో ఉండే చిట్టెలుక మహా అయితే 20 గ్రాములు. అంటే 25 వేల చిట్టెలుకలు కలిస్తే ఒక గిత్త బరువు! కానీ థర్మామీటర్ పెడితే ఎలుకకు 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గిత్తకు 38.5 దగ్గర చూపిస్తుంది. తేడా డిగ్రీన్నరే.

ఒళ్లు పెద్దదైతే వేడి కూడా ఎక్కువే అనుకుంటాం. అదేం లేదు. ఏనుగుకు 36 డిగ్రీలే. మనకు 37. గొర్రె, మేకలకు 39 దాకా. సైజుకీ, వేడికీ లంకె పెడదామంటే కుదరదు.

సైజు పనిచేసేది ఆ వేడిని నిలబెట్టుకునే ఖర్చు దగ్గర. గ్లాసులో టీ ఐదు నిమిషాల్లో చల్లారిపోతుంది. గంగాళంలో కాచిన నీళ్లు గంటైనా వేడిగానే ఉంటాయి కదా.. ఇదీ అంతే. బరువుతో పోలిస్తే ఎలుకకు చర్మం ఎక్కువ, అందుకే వేడి చకచకా బయటికి పోతుంది. దాన్ని పూడ్చుకోవడానికి అది తింటూనే ఉండాలి. ఎలుక గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటుంది. ఆవుకు 50 నుంచి 80 సార్లే.

మ్యాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త 1932లో దీనికి ఓ లెక్క చూపించారు. ఆ లెక్కన గిత్త బరువు ఎలుకకు 25 వేల రెట్లున్నా, ఒంటి ఖర్చు మాత్రం దాదాపు 2 వేల రెట్లే. కేజీకి ఇంత అని చూస్తే ఎలుక 12 రెట్లు ఎక్కువ మండిస్తోందన్నమాట.

ఎండాకాలం వస్తే సీన్ రివర్స్. రెంటచింతలలో 45 డిగ్రీలు దాటిన రోజున గాలే ఒంటి కంటే వేడి. అప్పుడు చెమట, రొప్పు తప్ప ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. ఎలుక బొరియలో దూరి రాత్రికి బయటికొస్తుంది. పెద్ద పశువుకు ఆ ఛాన్స్ లేదు, లోపలి వేడి ఓ పట్టాన పోదు. ఒంగోలు గిత్తకు తెల్లటి ఒళ్లు, వదులు చర్మం, వేలాడే గంగడోలు, బాగా పట్టే చెమట కలిసొస్తాయి. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో ఈ జాతి స్థిరపడిపోయిందంటే ఎండకు తట్టుకునే గుణం కూడా ఓ కారణం. గేదెకు నల్ల చర్మం, చెమట గ్రంథులు తక్కువ. అది చెరువులో పడుకునేది బద్ధకంతో కాదు!

పశువులున్నవాళ్లు ఓ విషయం గుర్తుపెట్టుకోండి. 101.5 ఫారెన్‌హీట్ మనకు జ్వరం, ఆవుకు మామూలు. గొర్రె, మేకలకు 102, 103 కూడా మామూలే. మన లెక్క చూసి కంగారుపడి ఇంట్లో ఉన్న మాత్ర వేసేయొద్దు. చెవి పట్టుకుని చూస్తే జ్వరం తెలీదు, మలద్వారంలో థర్మామీటర్ పెట్టాల్సిందే. అదీ ఎండ నుంచి రాగానే కాదు, కాసేపు నీడలో ఉంచాక. అప్పుడు కూడా ఆవుకు 103 దాటితే పశువుల డాక్టర్‌కు చూపించండి, లేదా 1962కి ఫోన్ చేయండి. నోరు తెరిచి రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలుతుంటే మాత్రం థర్మామీటర్ కోసం వెతకొద్దు. ముందు నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోయండి. గేదెకు మామూలు వేడి ఆవు కంటే కాస్త తక్కువే ఉంటుంది కాబట్టి, దాని విషయంలో ఇంకాస్త ముందే మేలుకోవాలి.