రాగి కంపెనీ కార్యాలయంలో ఊరి చరిత్ర: అరిజోనాలోని బిస్బీ

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు చేరువగా, ఎడారి నడుమ లేచిన మ్యూల్ పర్వతాల ఇరుకు లోయలో ఉన్న బిస్బీ పట్టణం దాదాపు ఒక శతాబ్దం పాటు రాగి మీదే బతికింది. 1880లో వెలిసిన ఈ పట్టణానికి గనిలో పెట్టుబడి పెట్టినవారిలో ఒకరైన న్యాయమూర్తి డివిట్ బిస్బీ పేరు పెట్టడాన్ని బట్టే అక్కడ నేల ఎవరి చేతుల్లో ఉండేదో అర్థమవుతుంది. కాపర్ క్వీన్ గనుల కంపెనీ తన ప్రధాన కార్యాలయం కోసం 1897లో ఊరి నడిబొడ్డున కట్టించిన ఎర్ర ఇటుకల భవనంలో 1971 నుంచి బిస్బీ గనుల, చరిత్ర మ్యూజియం నడుస్తోంది. ఒకప్పుడు గనులను శాసించిన కార్యాలయమే ఆ గనుల్లో చెమటోడ్చినవారి చరిత్రకు నిలయం కావడం ఈ చిన్న మ్యూజియానికి ఉన్న ప్రత్యేకత. దాని బాధ్యత కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

సందర్శకులను మొదట ఆకట్టుకునేవి ఖనిజాలు. సున్నపురాతి పొరల్లో గంధకంతో కలిసి ఉన్న రాగి నిక్షేపాల మీదుగా వాననీరు యుగాల తరబడి ఇంకుతూ రావడంతో అవి రసాయనిక మార్పు చెంది, గాఢ నీలవర్ణపు ఆజురైట్‌గా, ఆకుపచ్చని మాలకైట్‌గా, అంటే రాగి కార్బనేట్లుగా రూపొందాయి. పైపొరల్లో దొరికిన ఈ ఖనిజంలో రాగి శాతం ఎక్కువగా ఉండటం వల్లనే ఎడారి కొండల్లోకి రైలుమార్గం వచ్చింది. ముడి ఖనిజాన్ని తవ్వి తీయగా భూగర్భంలో మిగిలే గదులను ‘స్టోప్’లు అంటారు, వాటి కప్పు కూలిపోకుండా బరువైన దుంగలతో చట్రాలు కట్టేవారు, ఖనిజం నింపిన బండ్లను తొలినాళ్లలో మనుషులు తోసేవారు, తరువాత కంచరగాడిదలు లాగాయి. ఈ విధంగా కొండల కింద 2,000 మైళ్లకు పైగా సొరంగాలు ఏర్పడ్డాయి. మేలైన ఖనిజం తరిగిన తరువాత, 1950ల నుంచి కొండనే పైనుంచి మెట్లుమెట్లుగా తొలిచే లావెండర్ పిట్ అనే బహిరంగ గని సాగింది. 1975లో భూగర్భ గనులు కూడా మూతపడే నాటికి ఈ ప్రాంతం నుంచి సుమారు 800 కోట్ల పౌండ్ల రాగి వెలువడింది.

అయితే రాగి లెక్కలతోనే ఊరి చరిత్ర పూర్తికాదు. కాపర్ క్వీన్ గనులను నడిపిన ఫెల్ప్స్ డాడ్జ్ సంస్థకే ఆసుపత్రి, దుకాణం, గ్రంథాలయం, చివరకు స్థానిక దినపత్రిక కూడా ఉండటంతో, కూలి ఇచ్చే చేయి, సరుకు అమ్మే చేయి, వార్త చెప్పే నోరు ఒకరివే అయ్యాయి. బిస్బీ తనను తాను ‘తెల్లవారి శిబిరం’గా చెప్పుకొనేది: గని లోపలి మెరుగైన కూలిపనులు మెక్సికన్లకు దక్కేవి కావు, చైనీయులకు రాత్రిపూట ఊళ్లో ఉండే వీలే ఉండేది కాదు. సరిహద్దు పక్కనే పుట్టిన ఊరిలో, పలు దేశాల శ్రామికుల మధ్య, చర్మపు రంగే కూలి రేటును నిర్ణయించింది.

మొదటి ప్రపంచ యుద్ధం రాగి ధరను పెంచిన 1917లో ఈ అసమానతపై అసంతృప్తి బద్దలైంది. రాగి ధరతో నిమిత్తం లేని స్థిరమైన రోజుకూలి, డ్రిల్లు యంత్రానికి ఇద్దరేసి మనుషులు, పని జరుగుతుండగా గనిలో పేలుళ్లు జరపకపోవడం వంటి కోర్కెలతో, ‘ప్రపంచ పారిశ్రామిక కార్మికులు’ అనే సంఘం నాయకత్వాన జూన్ చివరలో సమ్మె మొదలైంది. అమెరికా అప్పటికే యుద్ధంలో దిగి ఉండటం వల్ల సమ్మెదారులపై దేశద్రోహ ముద్ర వేయడం యాజమాన్యానికి తేలికైంది. జులై 12 తెల్లవారుజామున, షెరీఫ్, అంటే కౌంటీలో శాంతిభద్రతలు చూసే ఎన్నికైన అధికారి, హ్యారీ వీలర్ నాయకత్వంలో సుమారు 2,000 మంది సాయుధులు ఇళ్లలోంచి మనుషులను లాక్కొచ్చి, వారెన్ బేస్‌బాల్ మైదానానికి నడిపించి, తిరిగి పనిలో చేరతామన్నవారిని విడిచిపెట్టి, మిగిలిన దాదాపు 1,200 మందిని పశువుల రవాణాకు వాడే రైలుపెట్టెల్లో ఎక్కించారు. మండువేసవిలో ఎడారి దాటించి న్యూమెక్సికోలోని హెర్మానాస్ వద్ద వదిలేసిన వీరిలో మెక్సికన్లు, తూర్పు ఐరోపా నుంచి వచ్చినవారు పెద్దసంఖ్యలో ఉన్నారు, సమ్మెతో సంబంధం లేనివారూ ఉన్నారు. ఆనాటి ఘర్షణలో ఇరుపక్షాల నుంచి ఒక్కొక్కరు మరణించారు.

అధ్యక్షుడు విల్సన్ నియమించిన సంఘం ఈ బహిష్కరణ పూర్తిగా చట్టవిరుద్ధమని తేల్చింది. అయినా, పౌరుల నివాస హక్కును కాపాడే పని రాష్ట్రాలది గనుక బహిష్కరించినవారిపై పెట్టిన కేసు కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి రాదని 1920లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అదే సంవత్సరం అరిజోనాలో విచారణకు వచ్చిన నిందితుణ్ణి జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఎవరికీ శిక్ష పడలేదు. ఎక్కువగా తరిమినవారి కుటుంబాలే ఊళ్లో మిగలడంతో, తరాల తరబడి ఆ సంగతి నలుగురిలో ఎత్తకపోవడం మర్యాదగా మారింది. 2017లో శతవార్షిక సందర్భంగా పట్టణవాసులే ఆ ఘటనను వీధుల్లో తిరిగి ప్రదర్శించి ఆ మౌనాన్ని వీడారు.

చిన్న మ్యూజియం విలువ ఇక్కడే తెలుస్తుంది. దేశచరిత్ర రాసేవారు ఒక వాక్యంలో దాటిపోయే బహిష్కరణను, అది జరిగిన ఊరి మ్యూజియం అలా దాటలేదు, ఎందుకంటే ఆ మైదానం, ఆ ఇళ్లు, ఇరుపక్షాల వారసులు అక్కడే ఉన్నారు. నీలిరాళ్ల అందాన్ని చూపుతూనే వాటిని వెలికితీసినవారికి జరిగిన అన్యాయాన్ని కూడా అదే కప్పు కింద చెప్పినప్పుడే, కంపెనీ కట్టించిన ఆ భవనం నిజంగా ఊరి సొత్తు అవుతుంది. గనులున్న ఏ ప్రాంతంలోనైనా స్థానిక చరిత్రను భద్రపరచాలనుకునేవారు ముందుగా అడగవలసింది ఎంత లోహం తవ్వారని కాదు, తవ్వినవారి పేర్లు ఎక్కడ ఉన్నాయని.