తల్లిపై మోపిన నింద

జహీరాబాదు నుండి సికిందరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్లు. మూడేండ్లు నిండినను పిలిచిన పలుకక, ఒక డబ్బా మూతనే గంటల తరబడి త్రిప్పుచు కూర్చుండు పిల్లవానిని చంకనెత్తుకొని బస్సెక్కిన తల్లి, ఊరు దాటక మునుపే తీర్పు వినియుండును. ముద్దు చేయలేదని ఒకరు, అతిముద్దు చేసినదని మరొకరు. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, చుట్టములతో కన్నడము వినుటచేత బిడ్డకు మాట రాలేదని ఇంకొకరు అందురు. ఈ కడపటి మాటను ముందుగా త్రోసిపుచ్చుదము: పలుభాషలు చెవిని పడుటవలన ఆటిజము రాదు.

తక్కిన నిందను పుట్టించినది మన ఊరి అమ్మలక్కలు మాత్రమే కాదు. ఒకప్పుడు అది పేరుగల వైద్యుల నోటను వెలువడినది. ఆ కథ శ్రోతలు వినదగినది.

బాల్టిమోరులో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడైన లియో కానర్ 1943లో పదునొకండుగురు పిల్లలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఈ స్థితి పుట్టుకతోనే వచ్చునని ఆయన అందులోనే వ్రాసెను. అయినను ఆ పిల్లల తలిదండ్రులలో ఆప్యాయత కొరవడినదనియు గమనించెను. 1949 నాటికి ఆ బిడ్డలు మంచుపెట్టెలో ఉంచబడినట్లు పెరిగిరనువరకు పోయెను. లోకము మొదటి మాటను మరచి రెండవదానిని పట్టుకొన్నది. నింద ఎప్పుడును తేలికగా పాకును గదా! 1967లో షికాగోకు చెందిన బ్రూనో బెటెల్‌హైమ్, తలిదండ్రుల తిరస్కారమే బిడ్డను ఈ స్థితికి నెట్టునని పెద్ద గ్రంథమే వ్రాసెను. బిడ్డను వారికి దూరముగా ఉంచుటయే ఆయన చూపిన చికిత్స. ఎందరు తల్లులు ఆ మాట నమ్మి తమ్ము తామే నిందించుకొనిరో!

ఈ వాదమును ఎదిరించినవాడు ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన కుమారునికి ఆటిజము కలదు. కారణము పెంపకములో కాదు, శరీరధర్మములో ఉన్నదని 1964లో ఆయన వాదించెను. మరుసటి యేడు తలిదండ్రులను కూడగట్టి సంఘము నెలకొల్పెను. 1969లో ఆ సంఘము సభలోనే కానర్ నిలిచి, తలిదండ్రులు నిర్దోషులని ప్రకటించెను. వైద్యుడు తన మాటకు తానే సంజాయిషీ చెప్పుకొనుట అరుదు. దానిని మేము గౌరవింతుము. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనువారు ఇరువదియొక్క కవలల జంటలను పరిశీలించిరి. ఒకే అండమునుండి పుట్టిన పదునొకండు జంటలలో నాలుగింట ఇద్దరికిని ఆటిజము ఉన్నది. వేరు అండముల పది జంటలలో అట్టిది ఒక్కటియు లేదు. ఇరుతెగల కవలలును ఒకే తల్లి ఒడిలో పెరిగినవారే!

మన దేశమున చట్టము మెల్లగా మేల్కొన్నది. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున చేరినది, 2016 చట్టమున స్థిరపడినది. సికిందరాబాదు మనోవికాసనగరులో 1984లో వెలసిన జాతీయ సంస్థ పేరు నేడు మారినది. జహీరాబాదు తల్లి బస్సు దిగి చేరునది అచటికే. అచట ఆమెను బిడ్డ ప్రక్కనే కూర్చుండబెట్టి, స్నానము, భోజనము, ఆట వేళలలో మాట ఎట్లు నేర్పవలెనో చూపుదురు. సాయంకాలపు బస్సులో ఆమె ఆ పాఠముతో ఇంటికి మరలును.