బియ్యం మూట సరే, విత్తనం మూట ఎప్పుడొస్తుంది? – టాక్లోబాన్ ఉప్పెన చెప్పిన సంగతి



తుఫాను వెళ్లిపోయాక మన ఊళ్లకు ముందు పులిహోర పొట్లాలు వస్తాయి. తర్వాత బియ్యం, కందిపప్పు, దుప్పట్లు. అవి లేకపోతే ఆ వారం గడవదు, నిజమే. కానీ ఇచ్చినవాళ్లు వెళ్లిపోయాక గట్టు మీద నిలబడి రైతు అడిగే ప్రశ్న వేరు. "మళ్లీ నారు పోసేదెట్టా?" ఈ ప్రశ్నకు ఫిలిప్పీన్స్ రైతులకు సగం జవాబు దొరికింది, సగం దొరకలేదు. ఆ కథ చెప్తాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మనం తుఫాను అనేదాన్నే అటు పసిఫిక్ వైపు టైఫూన్ అంటారు. 2013 నవంబర్ 8 తెల్లవారుజామున హైయాన్ అనే టైఫూన్ ఫిలిప్పీన్స్‌ను తాకింది. అక్కడివాళ్లు దాన్ని యోలాండా అంటారు. గంటకు 230 కిలోమీటర్లకు తగ్గని గాలి. లేటె దీవిలో టాక్లోబాన్ అనే పట్నం మీదికి సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిపడింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 6,300 మంది చనిపోయారు. వెయ్యిమందికి పైగా జాడ దొరకలేదు. పది లక్షలకు పైగా ఇళ్లు దెబ్బతిన్నాయి.

హెచ్చరిక ముందే వచ్చింది. అయితే రేడియోలో, టీవీలో "స్టార్మ్ సర్జ్" అని ఇంగ్లీషు మాట వాడారు. అదేంటో చాలామందికి అర్థం కాలేదు. గాలి గట్టిగా వీస్తుందని అనుకున్నారే గానీ సముద్రం లేచి వస్తుందని అనుకోలేదు. "సునామీ అని చెప్పుంటే పరుగెత్తేవాళ్లం" అని తర్వాత ఎంతోమంది వాపోయారు. తలదాచుకున్న కేంద్రాల్లోకి కూడా కొన్నిచోట్ల నీళ్లు వచ్చాయి. మనకు "ఉప్పెన" అనే మాట ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమలో వేలమందిని పోగొట్టుకున్నాక ఆ మాట వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. హెచ్చరిక జనం భాషలో ఉండాలని చెప్పేది అందుకే.

ఇక సాయం సంగతి. చెట్లు, శిథిలాలు పడి రోడ్లు మూసుకుపోయాయి, విమానాశ్రయం ధ్వంసమైంది. అందుకే మొదటి రోజుల్లో తిండి, నీళ్లు అందక జనం అల్లాడారు. తర్వాత చాలా దేశాల నుంచి సాయం వచ్చింది. తైవాన్‌కు చెందిన త్జు చీ అనే బౌద్ధ సంస్థ ఒక మంచి పని చేసింది. ఎవరి వీధి వాళ్లే శుభ్రం చేసుకోండి, రోజుకు 500 పెసోలు కూలి ఇస్తాం అంది. వీధులు బాగుపడ్డాయి, జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఆ డబ్బుతో చిన్న చిన్న కొట్లు మళ్లీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు రైతు దగ్గరికి వద్దాం. టైఫూన్ వచ్చింది రెండు పంటల మధ్య. ఇంట్లో దాచుకున్న విత్తనాలు నీళ్లపాలయ్యాయి. డిసెంబర్, జనవరిలో నాట్లు పడాలి. ఆ అదును తప్పితే ఏడాదంతా సాయం బియ్యం కోసం చెయ్యి చాపాల్సిందే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అక్కడి వ్యవసాయ శాఖ కలిసి సుమారు 44 వేల కుటుంబాలకు వరి విత్తనాలు, యూరియా అందించాయి. వాళ్లు అదునులో నాటారు. 2014 వేసవికల్లా కోత కోశారు. విత్తనం నెల రోజులు ఆలస్యమై ఉంటే ఎట్లా ఉండేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

కానీ కొబ్బరి రైతుకు అంత తేలిగ్గా తెల్లారలేదు. 3 కోట్ల 30 లక్షల కొబ్బరి చెట్లు దెబ్బతిన్నాయి. పది లక్షలకు పైగా కొబ్బరి రైతుల మీద దెబ్బ పడింది. వరి నాలుగు నెలల్లో చేతికొస్తుంది. కొబ్బరి మొక్క సరిగా కాపుకు రావాలంటే ఆరు నుంచి ఎనిమిదేళ్లు. అన్నేళ్లు ఇల్లెట్టా గడవాలి?

పైగా పడిపోయిన మొద్దుల్ని వదిలేస్తే కుళ్లి కొమ్ము పురుగుకు పుట్టిల్లవుతాయి. అది నిలబడ్డ చెట్లనూ, కొత్త మొక్కల్నీ తినేస్తుంది. అందుకే రంపం మిషన్లు ఇచ్చి మొద్దులు కోయించారు. ఆ కలపతోనే ఇళ్లు కట్టుకున్నారు. చెట్ల మధ్య ఖాళీలో కూరగాయల్లాంటివి వేయించారు. 1996లో కోనసీమ, 2018లో తిత్లీకి ఉద్దానం కొబ్బరి ఎట్లా పోయిందో చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు.

ఇంకో చిక్కుంది. అక్కడి కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లు చాలామంది కౌలుదార్లు, కూలీలు. భూమి వేరేవాళ్లది. చెట్టు పోతే బతుకూ పోయింది. సొంత జాగా కాగితం లేనివాళ్లకు ఇల్లు మళ్లీ కట్టుకోవడం కూడా కష్టమైంది. పాస్‌బుక్ ఒకరిది, నష్టం ఇంకొకరిది అనే మాట మనకేం కొత్త?

అందుకే నాకు తోచింది ఇది. మీ విత్తనాల్లో కొంత గట్టి డబ్బాలో పెట్టి, ఎత్తైన చోట, కుదిరితే వేరే ఊళ్లో చుట్టాల దగ్గర ఉంచండి. నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు మీ పొలం కౌలుకు చేస్తున్న మనిషి పేరు రాశారో లేదో మీరే అడగండి. సాయం చేస్తామని ఎవరైనా వస్తే దండం పెట్టి తీసుకోండి, ఆ వెంటనే "అయ్యా, మా నాటు అదును ఫలానా తేదీ, ఆలోపు విత్తనం కావాలి" అని చెప్పండి. బియ్యం నెలకు అయిపోతాయి. అదునుకు అందిన విత్తనమే మనల్ని మళ్లీ రైతుగా నిలబెడుతుంది.

మీ ఊళ్లో తుఫాను తర్వాత విత్తనం ఎన్ని రోజులకు అందిందో రాయండి. అందరికీ పనికొస్తుంది.